బోథ్ ప్రాంత పత్తి - దక్షిణాసియా వాణిజ్యము

బోథ్ తెలంగాణ రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాకు చెందిన ఒక మండల కేంద్రము. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాకు పొరుగున ఉన్న ఈ ప్రాంతములో ప్రధానమైన వాణిజ్య పంట పత్తి. భారతదేశమునకు, దాని పొరుగు దేశాలకు మధ్య జరిగే వ్యాపారములో పత్తికి, నూలుకు, వస్త్రాలకు పెద్ద వాటా ఉన్నది. ఆ దేశాలు కుదుర్చుకున్న ఒప్పందాలు, విధించిన సుంకాలు, నిషేధాలు బోథ్ వంటి ప్రాంతాలలో క్వింటాలు పత్తి ధరను ఏ విధముగా మారుస్తున్నాయో ఈ వ్యాసములో వివరించబడినది. సరిహద్దుల మూలముగా ధరలు మారటము ఈ ప్రాంతమునకు కొత్త కాదు. నిజాము కాలము నుండి ఇటీవలి వరకు ఏదో ఒక సరిహద్దు, ఏదో ఒక తనిఖీ కేంద్రము ఇక్కడి పంటకు, సంతకు మధ్య నిలిచే ఉన్నది.

ప్రాంతము, పంట

బోథ్, బజార్‌హత్నూర్, ఇచ్చోడ, నేరడిగొండ మండలాలు కొండలు, అడవుల మధ్య విస్తరించిన ప్రాంతము. గోండులు, కోలాములు, లంబాడీలు, మరాఠీ మాట్లాడే రైతు కుటుంబాలు, తెలుగు కుటుంబాలు ఇక్కడ కలసి నివసిస్తున్నారు. బోథ్‌లో వ్యవసాయ మార్కెట్ కమిటీ ఉన్నది. పొచ్చెర జలపాతము వలన ఈ ప్రాంతము యాత్రికులకు తెలిసినదే కాని, ఇక్కడి జీవనాధారము మాత్రము నల్లరేగడి భూములలో వర్షాధారముగా సాగయ్యే పత్తి, సోయాచిక్కుడు, కంది, జొన్న పంటలే. జూన్ నెలలో తొలకరితో విత్తిన పత్తి అక్టోబరు నుండి చేతికి వస్తుంది. రెండు మూడు విడతలుగా ఏరిన పత్తిని రైతులు మార్కెట్ యార్డులకు గాని, జిన్నింగు మిల్లులకు గాని, గ్రామములోనే వ్యాపారికి గాని అమ్ముతారు.

ఇటీవలి సంవత్సరాలలో పత్తి ఉత్పత్తిలో తెలంగాణ రాష్ట్రము గుజరాత్, మహారాష్ట్రల తరువాత స్థానములో ఉన్నది. అయితే రాష్ట్రములో పండిన పత్తిలో కొంత భాగము మాత్రమే రాష్ట్రములోని మిల్లులలో నూలుగా మారుతున్నది. ఈ లోటును తీర్చుటకై వరంగల్లు సమీపములో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగినది. మిగిలిన పత్తి బేళ్ళ రూపములో తమిళనాడు మొదలైన రాష్ట్రాలకు, విదేశాలకు తరలిపోతుంది.

సరిహద్దుల చరిత్ర

ప్రస్తుతము దేశాల మధ్య వాణిజ్యములో ఎదురయ్యే చిక్కులన్నిటినీ ఆదిలాబాదు ప్రాంతము ఒకప్పుడు తన పొలిమేరలలోనే చూసినది. హైదరాబాదు సంస్థానమునకు సొంత సుంకముల శాఖ ఉండేది. దీనిని కరోడ్‌గిరీ అనేవారు. ఈస్టిండియా కంపెనీకి, నిజాముకు మధ్య 1802లో కుదిరిన వాణిజ్య ఒడంబడిక సరిహద్దు సుంకమును సరకు విలువలో 5 శాతముగా నిర్ణయించినది. పెన్‌గంగ నదికి ఆవల ఉన్న బేరారు 1853లో బ్రిటిషు పాలనలోకి వెళ్ళినది. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధ కాలములో ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి అందకపోవుటతో బేరారు పత్తికి గిరాకీ పెరిగినది. 1867లో బొంబాయి నుండి నాగపూరుకు రైలు మార్గము పూర్తయి ఆ పత్తి నేరుగా రేవుకు చేరసాగినది. నదికి ఇవతల ఉన్న పత్తి మాత్రము అదే నల్లరేగడిలో పండినప్పటికీ సంస్థానపు సుంకము చెల్లించి గాని ఆవలి సంతలకు చేరేది కాదు.

సుంకముతో పాటు నాణెము కూడా వేరే. సంస్థానములో హాలీ సిక్కా రూపాయి చలామణీలో ఉండేది. బ్రిటిషు ఇండియా రూపాయలు నూరింటికి సుమారు 116 హాలీ రూపాయలు సమానము. కాబట్టి సరిహద్దు దాటి పత్తి అమ్మే వ్యాపారి పత్తి ధరతో పాటు మారకపు రేటును కూడా లెక్క చూసుకోవలసి వచ్చేది. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశములో విలీనమైన తరువాత, 1950 దశకములో ఈ సుంకాలు దశలవారీగా రద్దయినవి. హాలీ సిక్కా కూడా అదే దశకములో చలామణీ నుండి తొలగిపోయినది. ఆర్థిక ఏకీకరణము అనే మాటకు ఈ ప్రాంతములో కంటికి కనిపించిన మొదటి అర్థము ఇదే అని చెప్పవచ్చును.

అయితే ఒక సరిహద్దు పోయిన కొద్ది కాలమునకే మరొకటి ఏర్పడినది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు, అంతవరకు ఆదిలాబాదు జిల్లాలో భాగములైన కిన్వట్, రాజూరా తాలూకాలు బొంబాయి రాష్ట్రములో చేరినవి. 1960లో అవి మహారాష్ట్రకు చెందినవి. బోథ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయినది. ఇరువైపులా బంధుత్వాలు, పెళ్ళిసంబంధాలు, సంతలు యథాప్రకారము కొనసాగినవి కాని చట్టాలు, పన్నులు వేరయినవి.

ఈ తేడా బాగా బయటపడినది మహారాష్ట్ర ప్రభుత్వపు పత్తి గుత్త సేకరణ పథకము కాలములో. 1971 నాటి చట్టము ననుసరించి 1972-73 నుండి ఆ రాష్ట్రములో పత్తిని ప్రభుత్వ పక్షమున సహకార సమాఖ్య మాత్రమే కొనవలెను. ప్రైవేటు వ్యాపారులకు అమ్మటము నిషిద్ధము. బయటి ధర పథకపు ధర కంటే ఎక్కువగా ఉన్న సంవత్సరాలలో మహారాష్ట్ర పత్తి చాటుగా ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, గుజరాత్ సరిహద్దు సంతలకు వచ్చేది. బయటి ధర పడిపోయిన సంవత్సరాలలో ఇక్కడి పత్తి అటు వెళ్ళి మహారాష్ట్ర రైతు పేరున అమ్ముడుపోయేది. ఆదిలాబాదు మార్కెట్టుకు పత్తి రాకడ ఏటేటా హెచ్చుతగ్గులు కావటములో వానలతో పాటు ఈ పథకమునకు కూడా పాత్ర ఉండేది. సుమారు మూడు దశాబ్దాలు నడచిన ఈ గుత్తాధిపత్యము 2002 ప్రాంతములో ముగిసినది. ప్రభుత్వము గీసిన గీతకు రెండు వైపులా రెండు ధరలు ఉన్నంతకాలము సరకు ఆ గీతను దాటక మానదు. దక్షిణాసియా దేశాల మధ్య దొంగ రవాణాకు కూడా కారణము ఇదే.

ఆ తరువాత మిగిలినవి అమ్మకపు పన్ను తనిఖీ కేంద్రాలు. జాతీయ రహదారిపై మహారాష్ట్ర పొలిమేరలో ఉన్న భోరజ్ తనిఖీ కేంద్రము వద్ద లారీలు బారులు తీరి ఉండటము ఈ జిల్లా వాసులకు పరిచితమైన దృశ్యము. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను (జీఎస్టీ) అమలులోకి వచ్చి వాణిజ్య పన్నుల తనిఖీ కేంద్రాలు తొలగినవి. అంటే ఒకే దేశములోని రెండు పొరుగు ప్రాంతాల మధ్య సరకు అడ్డు లేకుండా సాగుటకు స్వాతంత్ర్యము తరువాత 70 సంవత్సరాలు పట్టినది.

పత్తి నుండి బేలు వరకు

పొరుగు దేశపు నిర్ణయము పల్లెలోని ధరను ఎట్లా తాకుతుందో తెలియుటకు ఒక చిన్న లెక్క చాలును. రైతు అమ్మేది గింజతో కూడిన పత్తి. దీనిని జిన్నింగు మిల్లులో ఆడించినప్పుడు క్వింటాలుకు సుమారు 33 నుండి 35 కిలోల దూది వస్తుంది. మిగిలినది గింజ, కొంత తరుగు. 170 కిలోల దూదిని అదిమి కట్టినది ఒక బేలు. ఈ లెక్కన ఒక బేలుకు దాదాపు 5 క్వింటాళ్ళ పత్తి కావలెను. దేశములో దూది ధరను 356 కిలోల క్యాండీకి ఇంత అని చెపుతారు.

మిల్లు యజమాని దూదికి వచ్చే ధరను, గింజకు వచ్చే ధరను కలిపి, ఆడించే ఖర్చును, తన లాభమును తీసివేసి రైతుకు ధర చెపుతాడు. ఎగుమతి ఆగి దూది ధర కిలోకు 10 రూపాయలు తగ్గినదనుకుంటే, క్వింటాలుకు 34 కిలోల దూది చొప్పున రైతుకు సుమారు 340 రూపాయలు తగ్గుతుంది. ఎకరాకు 7 క్వింటాళ్ళు పండిన రైతుకు ఇది 2,380 రూపాయల నష్టము. ఆడించే ఖర్చులో గాని, లారీ కిరాయిలో గాని ఈ తగ్గుదల కనిపించదు. మొత్తము భారము పత్తి ధర మీదనే పడుతుంది.

ఒక బేలులోని దూది ఏ ఊరిదో బేలును చూసి చెప్పుట సాధ్యము కాదు. బోథ్ పత్తి, కిన్వట్ పత్తి ఒకే మిల్లులో కలసిపోవచ్చును. కాబట్టి ఫలానా ఊరి పత్తి ఫలానా దేశమునకు పోయినదని చెప్పటము కంటే, దేశములోని మొత్తము నిల్వలో ఎంత బయటకు పోయినదో చూడటమే సరియైన పద్ధతి. ఎగుమతి జరిగిన ప్రతి బేలు దేశీయ మార్కెట్టులో పోటీని అంతమేర పెంచుతుంది. ఆ బేలు గుజరాత్‌ది అయినా ఫలితము బోథ్‌కు అందుతుంది.

దక్షిణాసియాలో పత్తి

1947 దేశ విభజనతో పత్తి పండే పొలాలు, వస్త్ర మిల్లులు వేరు వేరు దేశాల పాలయినవి. సింధు, పశ్చిమ పంజాబుల పత్తి భూములు పాకిస్తాన్‌కు పోగా, బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులు భారతదేశములో మిగిలినవి. జనపనార విషయములో తూర్పు బెంగాలు పొలాలకు, కలకత్తా మిల్లులకు అదే గతి పట్టినది. 1949 సెప్టెంబరులో భారతదేశము రూపాయి విలువను తగ్గించగా, పాకిస్తాన్ తన రూపాయి విలువను తగ్గించుటకు నిరాకరించినది. మారకపు రేటుపై వివాదము ముదిరి రెండు దేశాల మధ్య వ్యాపారము 1951 వరకు దాదాపు స్తంభించినది. ఆ తరువాత భారతదేశము పత్తి, జనుము సాగును తన భూభాగములోనే పెంచుకొనుటకు పూనుకున్నది. ఆనాటి సంస్థానాల కరోడ్‌గిరీ నాకాలు తొలగిపోతున్న రోజులలోనే ఉపఖండములో కొత్త నాకాలు వెలసినవి.

1985 డిసెంబరు 8న ఢాకాలో దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంఘము (సార్క్) ఏర్పడినది. బంగ్లాదేశ్, భూటాన్, భారతదేశము, మాల్దీవులు, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక ఇందులో తొలి సభ్యదేశాలు. 2007లో ఆఫ్ఘనిస్తాన్ చేరినది. ప్రధాన కార్యాలయము ఖాట్మండులో ఉన్నది. 1993 ఏప్రిల్ 11న సభ్యదేశాలు కొన్ని సరకులపై సుంకాల తగ్గింపునకు ఒక ఒప్పందము చేసుకున్నాయి. దీనిని సాప్టా అంటారు. ఇది 1995 డిసెంబరులో అమలులోకి వచ్చినది. ఒక్కొక్క సరకుపై విడివిడిగా బేరమాడవలసి వచ్చుటచే దీని ఫలితము స్వల్పము. దీని స్థానములో దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతపు ఒప్పందము (సాఫ్టా) 2004 జనవరి 6న ఇస్లామాబాదులో కుదిరినది. ఇది 2006 జనవరి 1 నుండి అమలులో ఉన్నది.

సాఫ్టా ప్రకారము భారతదేశము, పాకిస్తాన్, శ్రీలంక తమ సుంకాలను త్వరగా 0 నుండి 5 శాతము స్థాయికి తగ్గించవలెను. ఐక్యరాజ్యసమితి లెక్కలో అత్యల్పాభివృద్ధి దేశాలైన బంగ్లాదేశ్, నేపాల్ మొదలైన వాటికి ఎక్కువ గడువు ఇవ్వబడినది. అయితే ప్రతి దేశము తాను కాపాడుకొనదలచిన సరకులను "సున్నితమైన జాబితా"లో చేర్చి తగ్గింపు నుండి మినహాయించుకొనవచ్చును. వ్యాపారము బాగా జరుగుటకు అవకాశమున్న వస్త్రాలు, వ్యవసాయోత్పత్తులే ఆ జాబితాలలో అధికముగా చేరినవి. 2011లో భారతదేశము ముందడుగు వేసినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో బంగ్లాదేశ్‌కు చెందిన 46 రకాల వస్త్రోత్పత్తులకు, నవంబరులో అత్యల్పాభివృద్ధి సభ్యదేశాల సరకులన్నిటికీ సుంకమును రద్దు చేసినది. పొగాకు, మద్యము తరగతులకు చెందిన 25 సరకులు మాత్రమే మినహాయింపు.

ఇంత జరిగినప్పటికీ దక్షిణాసియా దేశాలు తమలో తాము జరుపుకొనే వ్యాపారము వాటి మొత్తము విదేశీ వ్యాపారములో సుమారు 5 శాతము మాత్రమే. ఆగ్నేయాసియా దేశాల కూటమిలో ఇది 20 శాతమునకు పైగా ఉంటుంది. సార్క్ శిఖరాగ్ర సమావేశము 2014 నవంబరులో ఖాట్మండులో జరిగిన తరువాత మరల జరగలేదు. 2016లో ఇస్లామాబాదులో జరగవలసిన సమావేశము రద్దయినది.

బంగ్లాదేశ్

దక్షిణాసియాలో ఇచ్చి పుచ్చుకొనుటకు ఎక్కువ వీలున్న జంట భారత పత్తి, బంగ్లాదేశ్ మిల్లులు. చైనా తరువాత ప్రపంచములో అత్యధికముగా రెడీమేడ్ దుస్తులను ఎగుమతి చేసే దేశాలలో బంగ్లాదేశ్ ముఖ్యమైనది. కాని ఆ దేశములో పండే పత్తి దాని అవసరాలలో రెండు మూడు శాతమునకు మించదు. ఐరోపా సమాఖ్య తన నిబంధనలలో 2011 వరకు ఒక షరతు పెట్టినది. దాని ప్రకారము సుంకము లేని ప్రవేశమునకు దుస్తులు కుట్టుటతో పాటు వాటి గుడ్డను కూడా ఎగుమతి చేసే దేశములోనే తయారు చేయవలెను. దీని మూలముగా బంగ్లాదేశ్‌లో నూలు మిల్లులు, అల్లిక మిల్లులు పెద్ద సంఖ్యలో వెలసినవి. వాటికి ముడి పత్తి కావలసి వచ్చినది. 2011 జనవరి నుండి ఐరోపా ఆ షరతును సడలించి, బయటి గుడ్డతో కుట్టిన దుస్తులకు కూడా సుంకము మినహాయించినది. అప్పటి నుండి భారత నూలుకు, గుడ్డకు సైతము అక్కడ గిరాకీ పెరిగినది. చైనా కొనుగోళ్ళు తగ్గిన 2014-15 తరువాత అనేక సంవత్సరాలలో భారత పత్తిని అధికముగా కొన్న దేశము బంగ్లాదేశే.

ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. ముడి పత్తిపై బంగ్లాదేశ్ ఏ దేశము నుండి వచ్చినా సాధారణముగా దిగుమతి సుంకము వేయదు. కాబట్టి సాఫ్టా వలన భారత పత్తికి నేరుగా కలసివచ్చిన సుంకపు లాభము లేదనే చెప్పవలెను. బ్రెజిల్, అమెరికా, పశ్చిమాఫ్రికా పత్తికి లేని అనుకూలత భారత పత్తికి ఉన్నదంటే అది దగ్గరితనమే. ఓడలో వారాల తరబడి రావలసిన సరకు లారీలో కొద్ది రోజులలో పెట్రాపోల్-బేనాపోల్ సరిహద్దుకు చేరుతుంది. మిల్లు యజమాని నెలల తరబడి నిల్వ ఉంచుకొనవలసిన పని ఉండదు. అయితే సరిహద్దు వద్ద ఒక దేశపు లారీ నుండి మరొక దేశపు లారీకి సరకు మార్చవలెను. రద్దీ కారణముగా అక్కడ లారీలు రోజుల తరబడి ఆగిపోవటము పరిపాటి. వాహనాలు నేరుగా పోవుటకై బంగ్లాదేశ్, భూటాన్, భారతదేశము, నేపాల్ 2015 జూన్ 15న థింపూలో ఒప్పందము చేసుకున్నవి. భూటాన్ దానిని ఆమోదించలేదు. మిగిలిన దేశాల మధ్య కూడా అది పూర్తిగా అమలు కాలేదు.

దగ్గరితనమును దెబ్బతీసినది ఎగుమతి నిషేధాలు. 2010 ఏప్రిల్ 19న భారత ప్రభుత్వము దేశీయ మిల్లుల కోరికపై పత్తి ఎగుమతుల నమోదును నిలిపివేసినది. 2010-11కు ఎగుమతిని 55 లక్షల బేళ్ళకు పరిమితము చేసినది. 2011 మార్చిలో అంతర్జాతీయ ధర పౌనుకు 2 డాలర్లు దాటి చరిత్రలో ఎన్నడూ లేని స్థాయికి చేరినది. పరిమితిని మరి 10 లక్షల బేళ్ళ మేర పెంచేసరికి జూన్ వచ్చినది. అప్పటికి ధర పడిపోవటమే గాక పల్లెలలో రైతుల వద్ద పత్తి మిగిలిలేదు. 2012 మార్చి 5న ఎగుమతిపై మరల నిషేధము విధింపబడినది. నాటి కేంద్ర వ్యవసాయ మంత్రి శరద్ పవార్ దానిని బహిరంగముగానే వ్యతిరేకించగా, వారము రోజులలో ప్రభుత్వము వెనుకకు తగ్గినది. ఈ రెండు అనుభవాల తరువాత బంగ్లాదేశ్ మిల్లులు ఒక్క భారతదేశముపై ఆధారపడక ఆఫ్రికా, బ్రెజిల్ దేశాల పత్తి కొనుగోలును పెంచుకున్నవి. దేశీయ మిల్లుకు చౌకగా పత్తి దొరకాలని తీసుకున్న నిర్ణయము ఒక్క సంవత్సరపు పంటతో ఆగక, కొనేవారి నమ్మకమును కూడా తగ్గించినది. ఆ లోటు తరువాతి పంటలకూ తగిలినది.

2024 ఆగస్టు 5న బంగ్లాదేశ్‌లో షేక్ హసీనా ప్రభుత్వము పతనమైన తరువాత రెండు దేశాల సంబంధాలు దెబ్బతిన్నవి. 2025 ఏప్రిల్ 8న భారతదేశము, తన విమానాశ్రయాలు, రేవుల ద్వారా మూడవ దేశాలకు బంగ్లాదేశ్ సరకు పంపుకొనే సౌకర్యమును ఉపసంహరించినది. అదే నెలలో బంగ్లాదేశ్ భారత నూలు భూమార్గమున రావటమును ఆపివేసినది. 2025 మే 17న భారతదేశము బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తులు న్హవా శేవా, కోల్‌కతా రేవుల ద్వారా మాత్రమే రావలెనని ఆదేశించినది. ఈ మూడు నిర్ణయాలలో ఏ ఒక్కటీ సుంకమునకు సంబంధించినది కాదు. ఒప్పందము ప్రకారము సుంకము సున్నాగానే ఉన్నది, దారి మాత్రము మూసుకున్నది.

బంగ్లాదేశ్ అత్యల్పాభివృద్ధి దేశాల జాబితా నుండి వైదొలగుటకు ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశము 2021లో అయిదేళ్ళ సన్నాహక కాలము ఇచ్చి, 2026 నవంబరు 24ను గడువుగా నిర్ణయించినది. వైదొలగిన దేశమునకు సాఫ్టాలోని ప్రత్యేక రాయితీలు అదే రూపములో కొనసాగవు. ఇందుకు ప్రత్యామ్నాయముగా రెండు దేశాల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందమునకు చర్చలు మొదలుపెట్టవలెనని 2022 సెప్టెంబరులో ఇరు ప్రభుత్వాలు అంగీకరించినవి.

పాకిస్తాన్

పాకిస్తాన్ స్వయముగా పత్తి పండించే దేశమే అయినా, దాని వస్త్ర పరిశ్రమకు ఆ పంట చాలదు. అట్టారీ-వాఘా దారి తెరచి ఉన్న కాలములో భారత పత్తి అక్కడకు వెళ్ళేది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తరువాత భారతదేశము పాకిస్తాన్ సరకులపై 200 శాతము సుంకము విధించినది. ఆ ఆగస్టులో పాకిస్తాన్ వ్యాపారమునే నిలిపివేసినది. 2021 మార్చి 31న భారతదేశము నుండి పత్తి, నూలు, పంచదార దిగుమతికి పాకిస్తాన్ ఆర్థిక సమన్వయ సంఘము అనుమతించగా, మరునాడే ఆ దేశపు మంత్రివర్గము దానిని ఆపివేసినది. 2022లో వరదలు సింధు ప్రాంతపు పత్తిని నాశనము చేసినప్పుడు కూడా ఆ దేశపు మిల్లులు పొరుగు పత్తిని కాదని దూరదేశాల పత్తినే తెప్పించుకొనవలసి వచ్చినది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత అట్టారీ కేంద్రము మూతబడినది.

నేపాల్, సోయాచిక్కుడు

బోథ్ రైతు పత్తి విషయములో పొరుగు దేశమునకు అమ్మేవాడు కాగా, సోయా విషయములో పొరుగు దేశము నుండి వచ్చే నూనెతో పోటీపడేవాడు. సాఫ్టా ప్రకారము నేపాల్ నుండి వచ్చే వంటనూనెకు భారతదేశములో సుంకము లేదు. భారతదేశము ఇతర దేశాల నూనెపై సుంకము పెంచినప్పుడల్లా నేపాల్‌లోని శుద్ధి కర్మాగారాలు దూరదేశాల ముడినూనెను తెప్పించి, శుద్ధి చేసి, భారతదేశమునకు పంపటము లాభసాటి అవుతుంది. 2019లో ఈ దారిన పామాయిలు వెల్లువగా వచ్చినది. నేపాల్‌లో పామాయిలు తోటలే లేవు. 2020 జనవరిలో భారతదేశము శుద్ధి చేసిన పామాయిలును పరిమిత దిగుమతుల జాబితాలో చేర్చినది. 2024 సెప్టెంబరు 14న శుద్ధి చేసిన నూనెలపై మొత్తము సుంకము 35.75 శాతమునకు పెరిగిన తరువాత నేపాల్ నుండి సోయా నూనె రాక మరల విపరీతమైనది. నూనె మిల్లుల సంఘాలు ఈ విషయమై కేంద్ర ప్రభుత్వమునకు ఫిర్యాదు చేసినవి.

అత్యల్పాభివృద్ధి దేశపు సరకులో కనీసము 30 శాతము విలువ ఆ దేశములోనే చేరవలెనని సాఫ్టా మూలస్థాన నిబంధన చెపుతున్నది. శుద్ధి చేసినంత మాత్రాన అంత విలువ చేరుతుందా అన్నదే వివాదము. 2024-25లో సోయాచిక్కుడు మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలు కాగా, ఆ పంట కాలములో బయటి మార్కెట్టు ధర దేశవ్యాప్తముగా దానికంటే తక్కువగా ఉన్నది. ఇందుకు నేపాల్ నూనె ఒక్కటే కారణము కాదు. ప్రపంచ మార్కెట్టులో సోయా పిండి ధర తగ్గటము ఇంకా పెద్ద కారణము. అయినా సుంకము పెంచుట ద్వారా రైతుకు కలగవలసిన మేలులో కొంత ఈ సందు గుండా జారిపోయినదనుట నిజము.

పశ్చిమాఫ్రికాతో పోలిక

పొరుగు దేశాలు ఒకే నాణెము వాడుకున్నంత మాత్రాన వాటి మధ్య వ్యాపారము పెరుగుతుందా అన్న ప్రశ్నకు పశ్చిమాఫ్రికా ఒక సమాధానము. బెనిన్, బుర్కినా ఫాసో, మాలి దేశాలు 1994లో ఏర్పడిన పశ్చిమాఫ్రికా ఆర్థిక ద్రవ్య సమాఖ్యలో సభ్యులు. ఒకే ఫ్రాంకు నాణెము, ఒకే బాహ్య సుంకము వాటికున్నవి. అవి మూడూ పత్తి పండించేవే కాని నూలు వడికే మిల్లులు తక్కువ. అందుచేత ఆ పత్తి సమాఖ్య సరిహద్దులు దాటి ఆసియాకు, ముఖ్యముగా బంగ్లాదేశ్‌కు పోతుంది. దక్షిణాసియాలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన స్థితి. ఇక్కడ పొలాలు, మిల్లులు, కుట్టు కర్మాగారాలు అన్నీ పక్కపక్కనే ఉన్నవి, లేనిది దారి.

బోథ్ రైతుకు చేరే ధర

ఎగుమతులు బలముగా ఉన్న 2011-12లో దేశము నుండి సుమారు 130 లక్షల బేళ్ళు బయటకు వెళ్ళినవి. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన తరువాత పెరిగిన దిగుబడికి ఆ ఎగుమతులే గిరాకీ చూపినవి. తరువాతి కాలములో దిగుబడులు తగ్గి, ఎగుమతులు పడిపోయి, 2024-25లో దిగుమతులు ఎగుమతులను మించినవి. 2021 బడ్జెట్టులో విధించిన 11 శాతము దిగుమతి సుంకమును కేంద్రము 2025 ఆగస్టు 19 నుండి ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించినది. అమెరికా విధించిన 50 శాతము సుంకముతో దెబ్బతిన్న వస్త్ర పరిశ్రమకు ఇది ఊరట. ఆదిలాబాదు జిల్లాలో పత్తి మార్కెట్టుకు వచ్చేది సరిగ్గా ఆ నెలలలోనే.

బయటి ధర పడిపోయినప్పుడు రైతుకు మిగిలే ఆధారము 1970లో స్థాపించబడిన భారత పత్తి సంస్థ (సీసీఐ). 2025-26కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఈ ధర 8 శాతము తేమ ఉన్న పత్తికి వర్తిస్తుంది. 12 శాతము వరకు తేమ పెరిగినకొద్దీ ధరలో కోత ఉంటుంది, అంతకు మించితే సంస్థ కొనదు. అక్టోబరు, నవంబరు నెలలలో మంచు కురిసే ఈ అటవీ ప్రాంతములో మొదటి విడత పత్తిని ఆ పరిమితికి ఆరబెట్టుట సులభము కాదు. సీసీఐ కొనుగోలుకు భూమి పత్రాలు, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా అవసరము. 2025-26 నుండి "కపాస్ కిసాన్" అనే యాప్ ద్వారా ముందుగా సమయము కేటాయించుకొనే పద్ధతి కూడా వచ్చినది. పట్టా లేని పోడు భూములను సాగు చేసే గిరిజన రైతులు, ధ్రువీకరణ లేని కౌలు రైతులు, విత్తనాలకు, ఎరువులకు వ్యాపారి వద్దనే అప్పు తెచ్చినవారు పత్తిని గ్రామములోనే ప్రైవేటు వ్యాపారికి అమ్ముతారు. వీరికి మద్దతు ధర వర్తించదు. ఎగుమతి మార్కెట్టులో వచ్చిన ప్రతి మార్పు మధ్యలో ఏ అడ్డూ లేకుండా నేరుగా చేరేది వీరి పత్తి ధరకే.